నేల, చోటు, చట్టం: భూమి విలువ ఎలా ఏర్పడుతుంది

భూమి విలువను ప్రధానంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి: నేలకు సహజంగా ఉన్న గుణాలు, ఆ నేల ఉన్న చోటు, దాని మీద ఏం చేయడానికి చట్టం ఒప్పుకుంటుందన్నది. ఇంటికీ స్థలానికీ కలిపి ఒకే ధర చెప్పడం అలవాటే గాని, ఆ రెండింటి నడక వేరు. కట్టడం పూర్తయిన రోజు నుంచే పాతబడుతూ, ఏటా కొంత విలువ కోల్పోతుంది. ముప్పై ఏళ్ల నాటి ఇల్లు కొన్న ధరకు ఎన్నో రెట్లు పలికిందంటే, పెరిగింది గోడలూ కప్పూ కాదు, వాటి కిందున్న గజాలు. భూమిని తరలించలేరు, కొత్తగా తయారుచేయలేరు, ఒక ముక్క అచ్చంగా మరో ముక్కలా ఉండదు. అందుకే బంగారానికి ఉన్నట్టు భూమికి ఊరంతటా ఒకే రేటు ఉండదు. ఆనుకొని ఉన్న రెండు సర్వే నంబర్ల మధ్య కూడా రెండింతల తేడా రావచ్చు. ఆ తేడాకు కారణం తెలియకుండా కొన్నవారు జీవితకాలపు పొదుపును పోగొట్టుకుంటారు. తెలియకుండా అమ్మినవారు తాతల నాటి ఆస్తిని అగ్గువకు వదులుకుంటారు.

ధర, విలువ ఒకటి కావు. ఇద్దరి మధ్య కుదిరిన బేరం ధర. పిల్ల పెళ్లికో అప్పు తీర్చడానికో తొందరపడి అమ్మినా, పక్క పొలం తనదైతే బాగుండునని ఆశపడి కొన్నా ధర మారిపోతుంది. తొందర లేని అమ్మకందారు, తొందర లేని కొనుగోలుదారు అన్ని సంగతులూ తెలిసి కుదుర్చుకునే మొత్తాన్నే న్యాయస్థానాలు, మదింపుదారులు మార్కెట్ విలువ అంటారు.

సిద్ధాంతం చెప్పేది

భూమి విలువ మీద ఆర్థికశాస్త్రంలో నేటికీ నిలిచిన ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చింది డేవిడ్ రికార్డో. ఆయన 1817లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, సాగు ఖర్చులు మాత్రమే గిట్టే నాసి నేలతో పోల్చితే మంచి నేల అదనంగా పండించేదే కౌలుగా మారుతుంది. కౌలు ఎక్కువ కావడం వల్ల ధాన్యం ధర పెరగదు. ధాన్యం ధర ఎక్కువగా ఉండటం వల్లే కౌలు పెరుగుతుంది. భూమికి దక్కేది మిగులు మాత్రమేనన్న ఈ సూత్రం నేటి అపార్ట్‌మెంటు స్థలానికీ వర్తిస్తుంది.

రికార్డో నేల సారాన్ని చూస్తే, జర్మన్ భూస్వామి ఫాన్ థ్యూనెన్ 1826లో దూరాన్ని చూశాడు. సారంలో తేడా లేని మైదానం నడుమ ఒకే పట్టణం ఉందనుకుంటే, త్వరగా పాడైపోయే పాలు, కూరగాయలు పట్టణం చుట్టూ, ధాన్యం దాని ఆవల, పశువుల మేత అన్నిటికంటే దూరాన స్థిరపడతాయని ఆయన వివరించాడు. పట్టణం దగ్గరవుతున్న కొద్దీ రవాణా ఖర్చు తగ్గి, ఆ మిగులు భూమికి చేరుతుంది. విలియం అలాన్సో 1964లో దీన్నే ఆధునిక నగరానికి అన్వయించాడు. నగర కేంద్రం కోసం దుకాణాలు, కార్యాలయాలు, ఇళ్లు పోటీపడతాయి. ఎక్కువ చెల్లించగల వినియోగానికి ఆ చోటు దక్కుతుంది. ఈ ముగ్గురి ఆలోచనలను కలిపితే ఒక సూత్రం తేలుతుంది. చట్టం ఒప్పుకొనే, నేల భరించే, చోటు గిట్టించే వినియోగాల్లో ఏది అత్యధిక మిగులు ఇస్తుందో అదే ఆ భూమి విలువను నిర్ణయిస్తుంది.

నేల స్వభావం

పొలంగా ఉన్నంతకాలం భూమికి మట్టే ప్రాణం. ఒండ్రు నేల, నల్లరేగడి, ఎర్రచెల్క, చౌడు అంటూ రైతులు చేసుకున్న విభజనే ధరల పట్టిక కూడా. దానికి నీటి వసతి తోడవుతుంది. కాలువ కింది మాగాణి ఒక ధర పలికితే, బోరు మీద ఆధారపడిన మెట్ట మరో ధర పలుకుతుంది. పొలానికి బాట ఉందా లేదా అన్నదీ ముఖ్యమే. కోస్తాలో డొంక, తెలంగాణలో బండ్ల బాట గ్రామ నకాశా పటంలో కనబడని పొలానికి, పక్క రైతు దయ మీద దారి నడిచే పొలానికి ధర తగ్గుతుంది.

భూమి పట్టణంగా మారుతున్న కొద్దీ మట్టి సారం ప్రాధాన్యం కోల్పోతుంది. అమరావతిలో ఇది లెక్కల్లోనే కనబడింది. కృష్ణ ఒడ్డున ఉన్న జరీబు భూముల్లో భూగర్భజలం కొద్ది లోతునే దొరుకుతుంది. ఏడాది పొడవునా పంటలు పండుతాయి. వాటికీ మెట్టకూ సాగులో పోలికే లేదు. రాజధాని కోసం రైతుల నుంచి భూములు తీసుకున్న భూసమీకరణలో, ఇచ్చిన మెట్ట ఎకరానికి బదులుగా 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబుకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. పదేళ్లపాటు ఇచ్చే వార్షిక కౌలు మెట్టకు 30 వేల రూపాయలతో, జరీబుకు 50 వేలతో మొదలైంది. నివాస స్థలం విషయంలో రెండు నేలలూ సమానమయ్యాయి. తరతరాల సారవంతానికి దక్కింది అదనపు వాణిజ్య గజాలు, కౌలులో తేడా మాత్రమే. నగరంగా మారబోయే నేలలో పంట పండించే శక్తి కంటే కట్టడాన్ని నిలబెట్టే శక్తికి, అది ఉన్న చోటుకే విలువ ఎక్కువ.

కట్టడం దృష్టితో చూస్తే నేలల వరుస తారుమారవుతుంది. పత్తికి పేరుపడ్డ నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మామూలు పునాది మీద లేపిన గోడలు బీటలు వారతాయి. అలాంటి నేలల్లో అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్ పునాదులు వాడతారు. సాగుకు పేదదైన మొరం నేల మాత్రం ఇంటికి చక్కని ఆధారం. హైదరాబాద్ గ్రానైటు బరువును బాగా మోస్తుంది గాని, సెల్లార్లు తవ్వాలంటే రాయి పగలగొట్టే ఖర్చు తోడవుతుంది. డెల్టాలో మెత్తటి బంకమట్టి, పైపైనే ఉన్న నీరు కలిసి బహుళ అంతస్తుల పునాది ఖర్చును పెంచుతాయి. ఈ ఖర్చులన్నీ చివరికి భూమి ధరలోంచే తీసివేయాల్సి వస్తుంది.

నేల మట్టం కూడా అంతే ముఖ్యం. ఒక ఎకరం పల్లపు భూమిని ఒక్క మీటరు ఎత్తు లేపాలంటే నాలుగు వేల ఘనపు మీటర్లకు పైగా మట్టి కావాలి. మెరక చేసినా వరద భయం పోతుందన్న హామీ లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చెరువుల దిగువ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. ఎండాకాలంలో స్థలం చూసి కొన్నవారికి పల్లం కనబడదు. వానాకాలంలో ఒకసారి చూడటం, పాత నకాశాలో వాగు, నాలా గీతలు ఎక్కడున్నాయో పరిశీలించడం ఏ ప్రకటన కంటే నమ్మకమైన ఆధారం.

విస్తీర్ణం, ఆకారం, ముఖం

నేల గుణం ఒకటే అయినా ముక్క ఆకారాన్ని బట్టి విలువ మారుతుంది. చిమన్‌లాల్ హరగోవింద్‌దాస్ కేసులో 1988లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో దేశమంతటికీ కొలబద్ద. విలువ పెంచే అంశాలుగా అది చిన్న విస్తీర్ణం, రోడ్డుకు దగ్గరగా ఉండటం, రోడ్డు ముఖం, అభివృద్ధి చెందిన ప్రాంతానికి సామీప్యం, క్రమమైన ఆకారం, సరైన మట్టం, పక్క ఆస్తి యజమానికి ఆ ముక్క మీద ఉండే ప్రత్యేక అవసరాలను పేర్కొంది. పెద్ద విస్తీర్ణం, రోడ్డుకు దూరంగా లోపల ఉండటం, లోతు ఎక్కువై ముఖం ఇరుకైన ముక్క, పూడ్చాల్సిన పల్లం, అభివృద్ధికి దూరం విలువ తగ్గించేవి.

వీటిలో విస్తీర్ణం గురించి చాలామంది పొరబడతారు. ఎకరం అంటే 4,840 గజాలు. పక్క వెంచరులో గజం రేటును 4,840తో గుణించి అదే తమ ఎకరం విలువ అనుకోవడం సరికాదు. లేఅవుట్ వేస్తే రోడ్లకు, పార్కులకు, ప్రజావసరాలకు చాలా భాగం పోతుంది. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు ఖర్చులు, అమ్ముడుపోయేదాకా వడ్డీ ఉంటాయి. అందుకే చిన్న ప్లాట్ల ధర ఆధారంగా పెద్ద భూమికి విలువ కట్టేటప్పుడు కోర్టులు అభివృద్ధి ఖర్చుల కింద కొంత శాతం తగ్గిస్తాయి. 2009 నాటి లాల్‌చంద్ కేసులో ఈ తగ్గింపు 20 నుంచి 75 శాతం దాకా ఉండవచ్చని సుప్రీంకోర్టు పేర్కొంది.

రోడ్డు ముఖం విలువను లెక్కకట్టడానికి బెల్టింగ్ అనే పద్ధతి ఉంది. రోడ్డు వెంట ఉన్న మొదటి పట్టీకి పూర్తి రేటు, దాని వెనక పట్టీకి మూడింట రెండు వంతులు, మూడో పట్టీకి సగం కడతారు. వాణిజ్య స్థలాలకు మరో పాత లెక్క ఉంది: లోతును నాలుగు సమాన భాగాలు చేస్తే మొత్తం విలువలో ముందు భాగానికి 40 శాతం, తర్వాతి వాటికి వరసగా 30, 20, 10 శాతం. మన మధ్యవర్తులు రోడ్డు బిట్టు, లోపలి బిట్టు అని వేర్వేరు రేట్లు చెప్పడంలో ఉన్నది ఇదే తర్కం.

వాస్తు కూడా మార్కెట్‌లో ఒక వాస్తవం. తూర్పు, ఉత్తరం ముఖం ప్లాట్లకు, ఈశాన్యం పెరిగిన స్థలాలకు గిరాకీ ఎక్కువ. వీధిపోటు ఉన్నవి, నైరుతి పెరిగినవి ఆలస్యంగా, తక్కువకు అమ్ముడవుతాయి. ముందు ఇరుకై వెనక వెడల్పైన గోముఖ స్థలాన్ని ఇంటికి, ముందు వెడల్పైన సింహముఖ స్థలాన్ని వ్యాపారానికి కోరుకుంటారు. కొనేవారికి నమ్మకం ఉన్నా లేకపోయినా, మళ్లీ అమ్మేటప్పుడు ఎదుటివారి నమ్మకం ధరలో కనబడుతుంది.

చోటు

నేల గుణాల్లో లోపాన్ని ఖర్చుతో కొంత సరిచేయవచ్చు. చోటును మార్చలేరు, చుట్టూ ఉన్న ప్రపంచం మాత్రం దాన్ని మార్చగలదు. మాదాపూర్ ఒకప్పుడు నగరానికి దూరంగా బండరాళ్ల మధ్య ఉన్న ప్రాంతం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఐటీ కొలువులు అక్కడికి చేరాయి, వాటి వెంట ఇళ్లు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. రాళ్లు అవే, నేల అదే. కేంద్రమే దాని దగ్గరికి నడిచి వచ్చింది. తర్వాత గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో జరిగిందీ ఇదే.

నగరంలో దూరాన్ని కిలోమీటర్లలో కంటే ప్రయాణ సమయంలో కొలవాలి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ తర్వాత దశలవారీగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, 2017లో మెట్రో రైలు హైదరాబాద్‌లో ఈ కొలతను తిరగరాశాయి. ఔటర్ మీదికి ఇంటర్‌చేంజ్‌ల దగ్గర మాత్రమే ఎక్కగలరు. అందుకే దారి పక్కనే ఉన్నా ఇంటర్‌చేంజ్ దూరమైన పొలం కంటే, కొంత లోపల ఉన్నా ఇంటర్‌చేంజ్‌కు దగ్గరైన స్థలం నగరానికి చేరువ. ‘ఔటర్‌కు ఆనుకొని’ అన్న ప్రకటనలో ఈ తేడా దాగి ఉంటుంది.

విస్తరించడానికి ఎంత చోటుందన్నదీ ధరను శాసిస్తుంది. దక్కన్ పీఠభూమి మీదున్న హైదరాబాద్ అన్ని దిక్కులకూ పరుచుకోగలదు; ఒక వైపు ధర మరీ పెరిగితే గిరాకీ మరో వైపు మళ్లుతుంది. విశాఖపట్నాన్ని ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు బిగించి ఉంచాయి. విజయవాడకు కృష్ణ, కాలువలు, కొండలు హద్దులు. అలాంటి నగరాల్లో చదునైన నేల కొరత పాత పేటల ధరలను ఎప్పుడూ ఎత్తులోనే ఉంచుతుంది.

పరిసరాలు విలువను తగ్గించగలవు కూడా. పటాన్‌చెరు, బొల్లారం వైపు పారిశ్రామిక కాలుష్యం నీటిని పాడుచేసిన చోట్ల భూమికి ఆ మచ్చ అంటింది. చెత్త డంపింగ్ యార్డు, శ్మశానం, హైటెన్షన్ తీగలు నివాస విలువను కోస్తాయి. అయితే ఒకే లక్షణం వినియోగాన్ని బట్టి లాభమో నష్టమో అవుతుంది. జాతీయ రహదారి రద్దీ దుకాణానికి వరం, పడకగదికి బెడద.

చట్టం గీసిన గీతలు

నేల, చోటు రెండూ అనుకూలించినా చట్టం అడ్డుపడితే విలువ నిలబడదు. 1996 మార్చిలో వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఐటీ కేంద్రానికి అంత దూరం కాని మొయినాబాద్ భూములు దశాబ్దాల పాటు పొలాలుగా, తోటలుగానే మిగలడానికి ప్రధాన కారణం ఇదే. ఆంక్షలను సడలిస్తూ 2022లో జీవో 69 వచ్చింది. ఇలాంటి చోట్ల కొనుగోలుదారు నేలతోపాటు ప్రభుత్వ నిర్ణయం మీద పందెం కూడా కొంటున్నట్టే.

చెరువుల విషయంలో పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ బఫర్ జోన్ కీలకం. హైదరాబాద్‌లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్ల బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతల తర్వాత ఈ మాటలు సామాన్యుల నోళ్లలోనూ నానాయి. కొల్లేరులో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును సూచించే ఐదో కాంటూరే అభయారణ్యం హద్దు. 2006లో దాని లోపలి చేపల చెరువులను తొలగించారు. ఆ హద్దుకు ఇవతలి చెరువుకు ఆస్తి విలువ ఉంటే, అవతలిదానికి లేకుండా పోయింది. తీరంలో తీర నియంత్రణ మండల నిబంధనలు, విమానాశ్రయాల చుట్టూ ఎత్తు పరిమితులు ఇలాగే పనిచేస్తాయి.

ఏజెన్సీ (గిరిజన షెడ్యూల్డ్) ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. అరకు లోయ అందాలకు పర్యాటకులు ఎందరు వచ్చినా అక్కడి భూమికి బహిరంగ మార్కెట్ లేదు. గిరిజనుల చేతుల్లోంచి భూమి జారిపోకుండా కాపాడటమే ఆ చట్టం లక్ష్యం. దాన్ని దాటవేసే బినామీ ఒప్పందాలకు విలువ లేదు. అసైన్డ్ భూములకు 1977 నాటి బదిలీ నిషేధ చట్టం, దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములకు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితా వర్తిస్తాయి. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న పట్టా భూమికీ అసైన్డ్ భూమికీ మట్టిలో తేడా ఉండదు, కాగితంలో ఉంటుంది. ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు, పహాణీ లేదా అడంగల్ (సాగు రికార్డు), సర్వే హద్దులు సరిపోలకపోతే ఎంత మంచి చోటైనా వివాదం ధరకే దిగుతుంది.

చట్టం విలువను పెంచుతుంది కూడా. హైదరాబాద్‌లో స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న అంతస్తుల విస్తీర్ణ నిష్పత్తికి గరిష్ఠ పరిమితి లేదు. స్థలం పరిమాణం, ముందున్న రోడ్డు వెడల్పు ఎత్తును నిర్ణయిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. అంటే నేల చదరపు అడుగుకు దాదాపు 23 వేలు. దాని మీద పది రెట్ల విస్తీర్ణం కట్టగలిగితే, కట్టిన చదరపు అడుగుకు పడే భూమి వాటా సుమారు 2,300 మాత్రమే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సామీప్యం, ఔటర్, వెడల్పైన రోడ్లు, ప్రభుత్వమే అమ్మడంతో వివాదం లేని హక్కు, ఎత్తు కట్టే స్వేచ్ఛ ఒకేచోట కలిసినందునే ఆ ధర వచ్చింది. ఇవేవీ లేని పది కిలోమీటర్ల అవతలి పొలానికి ఆ వేలం రేటును చూపి బేరమాడటం మోసమో అమాయకత్వమో అవుతుంది.

ఆశకు కట్టే విలువ

భూమి ధరలో రేపటి ఆశ కూడా కలిసి ఉంటుంది. అమరావతి ఇందుకు పెద్ద పాఠం. 2014లో రాజధాని ప్రకటనతో 29 గ్రామాల్లో ధరలు ఎగిశాయి. 2019 చివర మూడు రాజధానుల ప్రతిపాదనతో కుదేలయ్యాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కోలుకున్నాయి. ఈ పదేళ్లలో నేల, నది, దూరం ఏవీ మారలేదు.

ఊరి శివారు భూములు ఎందుకింతగా ఊగిసలాడతాయో ఒక ఊహాత్మక లెక్క చెబుతుంది. ఎకరం లేఅవుట్‌లో అమ్ముకోగల స్థలం 2,800 గజాలు, గజం 20 వేలు అనుకుంటే రాబడి 5.6 కోట్లు. రోడ్లు, అనుమతులు, వడ్డీ, కమీషన్, లాభం కలిపి 2.6 కోట్లు పోతే ఎకరానికి 3 కోట్లు ఇవ్వగలరు. ప్లాట్ల ధర పది శాతం పెరిగి ఖర్చులు మారకపోతే ఎకరం విలువ 3.56 కోట్లకు, అంటే దాదాపు 19 శాతం పెరుగుతుంది. పది శాతం తగ్గితే అంతే వేగంగా పడుతుంది. పల్లం పూడ్చడానికో రాయి తీయడానికో 30 లక్షలు అదనమైతే ఎకరానికి పది శాతం కోత పడుతుంది. మిగులు సూత్రం నేల గుణాన్నీ చోటునూ కలిపి ధరగా మార్చేది ఇలాగే.

విలువ కట్టే తీరు, ప్రజల వాటా

ఆచరణలో మదింపుదారులు ముందుగా ఇటీవలి అమ్మకాలను పోల్చి చూస్తారు. రోడ్డు వెడల్పు, మూల, ఆకారం, మట్టం, విస్తీర్ణం, హక్కుల తేడాలను బట్టి హెచ్చుతగ్గులు చేస్తారు. అమ్మకాలు దొరకని చోట పైన చూపిన మిగులు లెక్కను, అద్దె వచ్చే ఆస్తికి ఆదాయం ఆధారంగా లెక్కను వాడతారు. రిజిస్ట్రేషన్ శాఖ ఖరారు చేసే విలువలు స్టాంపు డ్యూటీ కోసం తీసిన సగటులు మాత్రమే. ఒక్కో ముక్క ప్రత్యేకతను అవి పట్టుకోలేవు. బయటి రేటుకు చాలా దిగువన అవి ఉన్నప్పుడు దస్తావేజులో తక్కువ చూపడం పరిపాటి. ఆ అలవాటు తిరిగి యజమానినే దెబ్బతీస్తుంది. 2013 భూసేకరణ చట్టం పరిహారాన్ని స్టాంపు విలువ, చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల సగటు వంటి ఆధారాల్లో ఎక్కువైనదానితో లెక్కించమంటుంది. గ్రామాల్లో దానికి ఒకటి నుంచి రెండు దాకా గుణకం, ఆపై నూరు శాతం సొలేషియం (అదనపు సాంత్వన పరిహారం) ఉంటాయి. పునాదిగా తీసుకున్న అంకే తక్కువైతే ఈ గుణకాలేవీ రైతుకు న్యాయం చేయలేవు.

చోటు విలువలో అధిక భాగం యజమాని శ్రమతో రాదు. అది సమాజం వేసిన రోడ్డు, తెచ్చిన నీరు, చేసిన చట్టం వల్ల వస్తుంది. హెన్రీ జార్జ్ 1879లోనే ఈ మాట చెప్పి, ఆ పెరుగుదలను పన్ను రూపంలో ప్రజలకు తిరిగి చేర్చాలని వాదించాడు. నేటి అభివృద్ధి రుసుములు, ఇంపాక్ట్ ఫీజులు ఆ వాదనకు చిన్న రూపాలు. కొనేవారికి మాత్రం వరుస స్పష్టం: ముందు హక్కు, తర్వాత చట్టపరమైన అనుమతి, ఆ తర్వాత నీరూ మట్టమూ, చివరగా చోటూ ధరా. మొదటి రెండు తప్పితే తర్వాతివి ఎంత బాగున్నా పెట్టిన డబ్బును కాపాడలేవు.